వీధికి అవతల ఇల్లు

వెర్లీన్ కాడిల్ ఆ ఉదయం నాలుగో ఖైదీని అడుగుతోంది: ఇల్లెక్కడ, పనెక్కడ, నువ్వు కనబడకపోతే బెంగపెట్టుకునేవాళ్లెవరు? కోర్టు కింది అంతస్తులోని జైలులో ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఇదే పని. బెయిలిస్తే మనిషి నిలబడతాడా, ఉడాయిస్తాడా అన్నది జడ్జికి రాసివ్వాలి. పొట్టి మనిషి, మోకాళ్లు అరిగిపోయాయి, నవ్వితే మాత్రం గడ్డం కింద మూడు మడతలూ కదులుతాయి. ఈరోజుతో ఉద్యోగం ఆఖరు. కేకు తెచ్చినవాళ్లను లోపల వేయిస్తానని అందరినీ ముందే బెదిరించింది.

నాలుగోవాడు హాలిస్, ఇళ్లకు పైకప్పులు వేస్తాడు. బారులో తగవుపడి కిటికీ అద్దం పగలగొట్టాడు. ఊరి పెద్దవీధి నడిమధ్యే రెండు రాష్ట్రాల సరిహద్దు. కోర్టు ఇటు టెన్నెసీలో, అతని ఇల్లు అటు వర్జీనియాలో. సాయంత్రంలోగా బయటపడకపోతే రేపటి చర్చి పైకప్పు పని వేరేవాళ్లకు పోతుంది. అయినా బెయిలుకని వకీలు సంతకం పెట్టమన్న కాగితం చూసి చేతులు కట్టుకు కూర్చున్నాడు. ప్రభుత్వ వకీలుకు అదే చాలు. వీడు పారిపోయే రకమేనని తేల్చేశాడు.

వెర్లీన్ వకీలును బయటికి పంపి కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఎందుకు పెట్టవని అడిగింది.

"పెడితే ఇంక వర్జీనియాలో అడుగుపెట్టకూడదంటగా. మరి నేనెక్కడ పడుకోవాలమ్మా, వీధి మధ్యలోనా?"

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. వీధికి అటు కాపురముండేవాళ్లలో సగంమంది ఇలాగే అనుకుంటారు. ఆ సంగతి వకీళ్లకు ఎన్నేళ్లు చెప్పినా తలకెక్కదు.

"ఇంటికెళ్లి సుబ్బరంగా పడుకో నాయనా. పిలిచినప్పుడు మాత్రం, మా రాష్ట్రం వేరు, నన్ను పట్టుకెళ్లే హక్కు మీకు లేదు అని పేచీ పెట్టకుండా రా. అందులో ఉన్నది అంతే."

"అంతేనా? ఆ ముక్క ఆయన ముందే చెప్పి చావచ్చుగా."

ఆమె ఎప్పుడూ చివర కొరికే నీలం పెన్ను అందుకుని సంతకం పెట్టాడు. మధ్యాహ్నం జడ్జి వెర్లీన్ రాసింది చదివి, ఇతను రాకపోతే నిన్నెక్కడ వెతికి తిట్టమంటావని ఆమెను ఆటపట్టించి, బెయిలిచ్చాడు.

మూడింటికి ఆమె కోటు తొడుక్కుని, ఎవరికీ చెప్పకుండా పక్క గుమ్మంలోంచి వెళ్లిపోయింది. బస్సెక్కాక కాసేపు ఏడ్చింది. తర్వాత తేలికపడింది.

నాలుగున్నరకు హాలిస్ మళ్లీ కోర్టు మెట్లెక్కాడు. వాయిదా వచ్చే నెల కదా, ఇప్పుడెందుకొచ్చావని గుమాస్తా విస్తుపోయింది.

"ఎవరూ పిలవలేదులెండి. పొద్దున సంతకం పెట్టి, మరిచిపోయి జేబులో వేసుకున్నా. ఇంటికెళ్లాక చూసుకున్నాను. ఆవిడది ఆవిడకి ఇచ్చేద్దామని."

ఆవిడ వెళ్లిపోయిందని గుమాస్తా చెప్పింది. హాలిస్ కిందికి దిగి, పొద్దున కూర్చున్న గదిలో పెట్టేసి, వీధి దాటి ఇంటికి పోయాడు. ఖాళీ చేసిన బల్ల మీద, చివర పళ్లగాట్లు పడ్డ నీలం పెన్ను ఒక్కటే ఉంది.