వంగని గీత

కదిలిందని చెప్పడానికి ఆస్పత్రి మెట్లు పరుగున ఎక్కాను. లిఫ్టు కోసం ఆగే ఓపిక నాకెప్పుడుంది కనక!

మాస్టారు జీవితమంతా ఒక్క మాట మీదే నిలబడ్డారు. వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే పెద్ద రాతి గ్రహాల లోపల కూడా, మన భూమిలోలాగే రాయి మెల్లగా పారుతుందని, అక్కడా నేల కదిలి కొండలు లేస్తాయని, అగ్నిపర్వతాలు పేలుతాయని. అంత బరువు కింద రాయి బిగుసుకుపోతుందని మిగతావాళ్లు వెక్కిరించారు. వెళ్లి చూసొచ్చే వీల్లేదు. అందుకే మా ల్యాబులో రెండు వజ్రాల మొనల మధ్య రాతి పలుకును పెట్టి, ఆ గ్రహం లోపలుండేంత ఒత్తిడితో నొక్కి, లేజరుతో కాలుస్తాం. పలుకు జారిపోకుండా చుట్టూ లోహపు రింగు, పలుకు మధ్యలో సన్నటి ప్లాటినం గీత. రాయి పారితే గీత వంగాలి.

డాక్టర్లు చేతులెత్తేశారు. ఆయన ఉండగానే ఈ కబురు వినాలని నా పంతం.

“కదిలింది మాస్టారూ!” అన్నాను గుమ్మంలోంచే.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. దుప్పటి మడతపెడుతున్న ఆయన భార్య, “ఇన్నాళ్లూ ఆ రాళ్లతోనే కాపురం చేశారు. ఇకనైనా నా వంక చూడండి” అని నవ్వుతూనే ఏడ్చేసింది.

“ఫొటోలేవీ?” అన్నారాయన.

ట్యాబు ఇచ్చాను. నొక్కకముందుదీ నొక్కాకదీ మార్చి మార్చి చూశారు.

“గీత వంగిందా?”

“పక్కకొచ్చింది కదండీ.”

“రావడం సరే. వంగిందా అని.”

చూశాను. గీత తిన్నగా ఉంది. మెత్తబడి జారింది రింగు; పలుకు చెక్కుచెదరకుండా దాంతోపాటు జరిగింది. ఈ పనిలో కొత్తవాళ్లు చేసే పొరపాటు అది.

ఒళ్లు మండిపోయింది, నా మీదా ఆయన మీదా. “కాసేపు సంతోషంగా ఉంటే మీ సొమ్మేం పోయింది?”

“ఉన్నాను కదమ్మాయ్, ఇందాకటిదాకా. చాలా బాగుంది,” అన్నారు. “రింగు మార్చి మళ్లీ నొక్కు. అప్పుడూ వంగకపోతే, ఆ సంగతే రాసి, పరిశోధన పేపర్లో నా పేరే ముందు పెట్టు. ఇన్నాళ్లూ తప్పు చెప్పింది నేను. సరిదిద్దాల్సిందీ నేనే.”

మళ్లీ నొక్కాను. గీత వంగలేదు. వినడానికి ఆయన లేరు.

పేపరు జర్నలుకి పంపే రోజు మాస్టారి భార్య ల్యాబుకొచ్చింది.

“ఆయన పేరు ముందు పెట్టావా?”

“పెట్టాను పిన్నిగారూ.”

“పోయినవాళ్ల పేరు పక్కన ఏదో గుర్తు పెడతారటగా?”

“పెట్టాలండీ. నావల్ల కావడం లేదు.”

“లే, నేను పెడతాను,” అని నా కుర్చీలో కూర్చుంది. ఏ కీ నొక్కాలో చూపించమంది.