రెండు తాళాల పెట్టె

మెకానిక్కు ఎబో క్వాన్సా ఆ వారంలో ఆసుపత్రిలోని శవాల ఫ్రిజ్ పెట్టె వెనక పలక విప్పడం ఇది మూడోసారి. లోపల గొట్టాల మీద మంచు రాయిలా పేరుకుపోయింది. ఫ్యాను రెక్కలు అందులో ఇరుక్కుని కిక్కురుమనడం లేదు. పెట్టెలో ఉన్నది ఎగ్యా ఎసుమన్. చిన్నప్పుడు తీరంలో వల లాగడానికి వెళితే ఎబోకు దోసెడు చేపలు పోసి పంపిన పడవ యజమాని. ఖననం దాకా ఆయనను చెడకుండా కాపాడాల్సిన పెట్టె ఇలా మొరాయిస్తుంటే ఎబోకు కడుపు మండిపోతోంది.

యంత్రం తప్పేమీ లేదు. మంచు కాస్త మందమెక్కగానే అదే పసిగట్టి, చల్లబరచడం ఆపి, గొట్టాలను వెచ్చబెట్టి, కరిగిన నీళ్లు బయటికి వదిలి మళ్లీ పని మొదలుపెడుతుంది. ఎప్పుడో ఒకసారి తలుపు తీస్తే సర్దుకుంటుంది. పూటకు పదిసార్లు తీసి సముద్రపు తేమగాలినంతా లోపలికి తోలితే అది మాత్రం ఏం చేస్తుంది?

తీయించేది ఇద్దరు. ఎగ్యా కూతురు అరబా, ఆయన చెల్లెలి కొడుకు కొబినా. ఆచారం ప్రకారం శవం తల్లివైపు వంశానిదని కొబినా, కన్నబిడ్డలం మేముండగా నువ్వెవరని అరబా. ఎవరు పాతిపెట్టాలో తేలక నెలలు గడుస్తున్నాయి. ఈలోగా అవతలివాళ్లు ఎక్కడ ఎత్తుకుపోతారోనని ఇద్దరికీ కంటిమీద కునుకు లేదు.

ఎబో మంచంతా కరిగించి పలక బిగిస్తుండగానే అరబా వచ్చేసింది.

"తమ్ముడూ, ఒక్కసారి తియ్యవా. నాన్న ఉన్నాడో లేడో చూసి పోతా."

"ఎక్కడికి పోతాడక్కా? వేటకా?"

"ఆ కొబినాగాణ్ణి నమ్మలేం. నిన్న వ్యానేసుకుని ఇక్కడే తచ్చాడాడంట."

"వ్యానులో ఉన్నది చేపలే! నీ కళ్లకు శవపేటికలా కనబడితే నేనేం చెయ్యను?" అంటూ కొబినా గుమ్మంలోంచి అరిచాడు. "ఏమోయ్ మెకానిక్కూ, ఆవిడకు తీస్తే నాకూ తియ్యాలి, చెబుతున్నా."

ఎబో చేతిలో పానా నేలకేసి కొట్టాడు.

"మీ కాపలాతోనే ఆయన కుళ్లిపోయేట్టున్నాడు, తెలుస్తోందా? మీరు తలుపు తీసినప్పుడల్లా లోపల మంచు గడ్డకడుతోంది. అది కరిగేదాకా పెట్టె చల్లబడదు. కరిగేలోపే మళ్లీ తీస్తారు! కంపు కొట్టాక అప్పుడెవరు తీసుకుపోతారో అది కూడా ఇప్పుడే తేల్చుకోండి!"

ఎబో ఆ వేడిలోనే బజారుకు పోయి రెండు తాళాలు కొనుక్కొచ్చాడు. పెద్ద నర్సు సరేనంది. తలుపుకు రెండూ వేసి, చెరొక తాళంచెవి వాళ్ల చేతుల్లో పెట్టాడు. ఇక ఇద్దరూ కలిసి వస్తే తప్ప తలుపు తెరుచుకోదు.

తర్వాతి నెల చూడడానికి వచ్చినప్పుడు గొట్టాల మీద మంచు లేదు. ఫ్యాను హాయిగా తిరుగుతోంది. ఎబోకు తన తెలివి మీద తనకే ముచ్చటేసింది. నేల తుడుస్తున్న కాపలా ఆవిణ్ణి పలకరించాడు.

"ఏం పిన్నీ, మనవాళ్లు ఎన్నిసార్లు తీశారు?"

"తీయడమా? తాళాలేసిన రోజు పోయినోళ్లు, మళ్లీ ఒక్కళ్లూ ఇటు తొంగిచూళ్లేదు."

"అయితే రాజీపడ్డారా?"

"రాజీ లేదు, పాడూ లేదు. పంచాయతీ నడుస్తూనే ఉంది. ఎత్తుకుపోతారన్న భయం పోయిందిగా నాయనా, ఇంకెందుకొస్తారు?"

ఎబో ముఖం వాడిపోయింది. పనిముట్లు సంచిలో వేసుకుని కూడా కదల్లేక అక్కడే నిలబడ్డాడు. ఎగ్యా ఇలా పట్టించుకునే దిక్కు లేక పడి ఉండేకన్నా, వాళ్లిద్దరూ వచ్చి గొంతులు చించుకుని పోట్లాడుకున్నా బాగుండుననిపించింది.