కోడిపుంజు కాసెట్

నా నోరు మంచిది కాదు. ఆ సంగతి ఇంకెవరో చెప్పక్కర్లేదు, నేనే ఒప్పుకుంటాను. పంతొమ్మిదేళ్లు సిటీ బస్సులో కండక్టరుగా చేసినదాన్ని. నిండు బస్సులో ముందుకు జరగండి, జరగండి అని అరిచీ అరిచీ గొంతు అక్కడే స్థిరపడిపోయింది. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగినా పక్కింటివాళ్లు తొంగి చూస్తారు. ఆ పంతొమ్మిదేళ్లలో పొరపాటైందని ఒక్క ప్యాసింజరుకీ చెప్పిన పాపాన పోలేదు. స్టాపు దాటించేశాననుకోండి, మీరే నిద్రపోయారని దబాయించి దింపేసేదాన్ని.

అలాంటిదాన్ని నేను, పోయిన నెల వేలమంది చూసేలా తప్పు నాదేనని చెప్పాను. చెప్పించింది మా కోడలు. అలాగని ఆ పిల్ల నన్ను చెప్పమని అడగనూ లేదు.

మా కోడలికి ఒక ఛానల్ ఉంది. పేరు 'వెనక్కి తిప్పు'. అందులో అన్నీ పాత టీవీ సంగతులే. మన చిన్నప్పటి సబ్బుల ప్రకటనలు, సీరియళ్ల మొదట్లో వచ్చే పాటలు, వార్తలకు ముందు గిర్రున తిరిగే బొమ్మ, మధ్యలో ఏదైనా ఆగిపోతే వేసే 'అంతరాయానికి చింతిస్తున్నాం' బోర్డు. జనం అటకల మీద పడున్న వీడియో కాసెట్లు పార్సిల్ చేసి పంపుతారు. ఈవిడ వాటి బూజు తుడిచి, వీసీఆర్‌లో వేసి కంప్యూటర్‌లోకి ఎక్కించి, బాగున్న ముక్క ఒకటి ఏరి, దానికి నాలుగు కబుర్లు జోడించి ఆదివారం ఉదయం పదింటికి పెడుతుంది. కాసెట్‌ని మళ్లీ భద్రంగా వాళ్లింటికి పంపేస్తుంది. ఈ సంగతి జరిగేదాకా ఆరేళ్లలో ఒక్క ఆదివారం తప్పలేదు, ఒక్క కాసెట్ చెడలేదు. అమ్మానాన్నల పెళ్లి కాసెట్లు కూడా జనం ఆవిడ చేతిలో పెట్టేది ఆ నమ్మకంతోనే.

మొదట్లో నాకు ఒళ్లు మండేది. పనికిమాలిన చెత్తంతా పోగేస్తోందని మావాడితో గొణిగేదాన్ని. ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసొచ్చి వాడు సగం నిద్రలో ఊఁ కొట్టేవాడు.

ఈ ఏడాది ఆ పిల్ల నెత్తిన అన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి. కడుపుతో ఉండగా ఆఫీసువాళ్లు ఆ బ్రాంచి మూసేసి ఉద్యోగం లేదు పొమ్మన్నారు. ఏడో నెలలో ఇంటి ఓనరు ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. రెండు గదుల ఇంట్లోకి మారారు. తర్వాత పాప పుట్టింది. ఇవన్నీ చాలనట్టు రిటైరై పెట్టె సర్దుకుని నేను దిగాను. నాలుగు మార్పుల్లో నన్ను భరించడమే కష్టమని మావాడు వేళాకోళం చేస్తాడు, అందులో అబద్ధమేమీ లేదు.

ఛానల్ మూతపడుతుందని నేను ఖాయం చేసుకున్నాను. అబ్బే. కాన్పుకి నెల ముందే నాలుగు ఆదివారాలకి సరిపడా వీడియోలు చేసి పెట్టుకుంది. ఇల్లు మారిన వారం అట్టపెట్టెల మధ్య కూర్చుని, పాత రోజుల్లో టీవీని ఇల్లు మార్చడమంటే ఎంత హడావిడో చెప్పింది. పాప నిద్రపోయిన ఇరవై నిమిషాల్లో గొంతు రికార్డు చేసేది. పాప లేస్తే ఆపి, పాలిచ్చి, ఆపిన మాట దగ్గర్నుంచే మళ్లీ మొదలుపెట్టేది. వంటింటి గుమ్మంలో నిలబడి నేను అదంతా చూస్తూ ఉండేదాన్ని. పైకి మాత్రం ఒంటి మీద శ్రద్ధ లేదు, తిండి మీద ధ్యాస లేదు అని తిట్టేదాన్ని.

ఒకరోజు నాకూ ఏదైనా పని అప్పజెప్పమన్నాను. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. నాకు మొట్టమొదట నేర్పిన పని ఇది. వీడియో కాసెట్ వీపున, ఎడమ పక్క, చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. అది ఉన్నంతవరకూ ఆ కాసెట్ మీద కొత్తగా రికార్డు చెయ్యొచ్చు. విరిచేస్తే అక్కడ గుంట పడుతుంది, ఇక ఎవరు ఏ బటన్ నొక్కినా లోపలున్నది చెరగదు. అందుకని కాసెట్ చేతికి రాగానే ముక్క విరవాలి. ఇదివరకే విరిచి, గుంట మీద ఎవరైనా ప్లాస్టరు అంటించి ఉంటే అదీ పీకాలి, గుంట మూసుకుంటే ముక్క ఉన్నట్టే లెక్క. ఆ తర్వాతే దాన్ని మిషన్ దగ్గరికి తేవాలి. టికెట్లు కొట్టిన చేతులు కదా, రోజుకి పది కాసెట్లు టకటకా విరిచి పడేసేదాన్ని.

అప్పుడొచ్చింది కోడిపుంజు కాసెట్. పంపినాయన యాభై దాటిన ఎలక్ట్రీషియన్. తొమ్మిదేళ్లప్పుడు టీవీలో పిల్లల కార్యక్రమంలో నలభై సెకన్లు కనబడి కోడిలా కూశాడట. ఆ దెబ్బతో వీధి వీధంతా ఆయన్ని కోడిపుంజు అనే పిలిచింది, ఇప్పటికీ అదే పేరు. ఆ రోజు వాళ్లమ్మ పక్కింట్లో వీసీఆర్ అడిగి మరీ రికార్డు చేయించింది. ఆవిడ పోయి మూడేళ్లైంది. అందులో ఉన్న తనని ఆయన పాతికేళ్లుగా చూసుకోలేదు, ఇంట్లో మిషన్ లేదు. ఇదంతా ఒక ఉత్తరంలో రాసి పెట్టాడు.

కాసెట్ వీపు మీద ఈ కొస నుంచి ఆ కొసదాకా పొడుగాటి లేబుల్. దాని మీద వాళ్లమ్మ చేత్తో, ముత్యాల్లాంటి అక్షరాలతో, 'మా అబ్బాయి కూసిన రోజు' అని ఉంది. ఆ లేబుల్ ఎడమ కొస గుంట మీదుగా పోయింది. వేలితో నొక్కితే కింద బోలుగా తగిలింది. పాపం, కొడుకు కూత చెరగకూడదని ఆ తల్లి ముక్క విరిచింది, అక్షరాలు ముద్దుగా పట్టాలని దాని మీదే కాగితం అంటించేసింది. పీకాలి. పీకితే ఆ చేతిరాత చిరుగుతుంది. చనిపోయిన మనిషి చేతిరాత చింపడానికి నాకు మనసొప్పలేదు. కోడల్ని అడిగితే పోయేది. అడగడం నా వంట్లో లేదు కదా, అలాగే వదిలేశాను.

మర్నాడు పొద్దున మా కోడలు పాత ఆఫీసులో చివరి కాగితాల మీద సంతకాలు పెట్టడానికి వెళ్లింది. పాపా నేనూ ఇంట్లో. వచ్చేసరికి ఒక కాసెట్ ఎక్కించి పెడితే దానికి గంట పని తగ్గుతుందనుకున్నాను. వందసార్లు చూశాను, ఏముంది అందులో. కోడిపుంజు కాసెట్టే పైన ఉంది, తోశాను. ఆ వీసీఆర్ బటన్ల మీద అక్షరాలు ఏనాడో అరిగిపోయాయి. ఒకటి నొక్కాను, ఎర్ర లైటు వెలిగింది, పని జరుగుతోందని సంబరపడ్డాను. ముందురోజు పరీక్ష చేస్తూ కోడలు పాత వీడియో కెమెరా ఒకటి ఆ మిషన్‌కి తగిలించిందనీ, అది అల్మరా మీద నుంచి తిన్నగా నా కుర్చీ వైపే చూస్తోందనీ నాకేం తెలుసు. పాపని ఒళ్లో వేసుకుని పదకొండు నిమిషాలు కబుర్లు చెప్పాను.

కోడలు వచ్చి ఎర్ర లైటు చూసి చెప్పులు విప్పకుండానే పరిగెత్తి మిషన్ ఆపింది. కాసెట్ వెనక్కి తిప్పి వేసింది. కార్యక్రమం పేరు వచ్చింది, పిల్లలు వరసగా కూర్చున్నారు, తెర ఒక్కసారి చిరిగినట్టైంది. తర్వాత నేను. నా జుట్టు, నా గొంతు, నా ఒళ్లో పాప.

అంతకన్నా ఘోరం, తెరలో నేను ఆగకుండా మాట్లాడుతున్నాను.

"బంగారం, మీ అమ్మకి పిచ్చే. నిన్ను కంది, ఇల్లు మార్చింది, ఉద్యోగం పోయింది, నన్ను భరిస్తోంది. అయినా ఒక్క ఆదివారం వదల్లేదు. మీ నాన్న పుట్టగానే నేను నాటకాలు మానేశాను తెలుసా? బాగా వేసేదాన్ని. మళ్లీ ఆ వంక చూడలేదు. మీ అమ్మ మానలేదు చూడు. అలాంటి మనిషిని నేనెక్కడా చూడలేదు. ఈ మాట దానికి చెప్పకు, నెత్తికెక్కి కూర్చుంటుంది."

కోడలు టీవీ ఆపేసి, అలాగే కుర్చీలో కూలబడింది. తిట్టినా బాగుండేది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. కాసేపటికి నా బుద్ధి నేను పోనిచ్చుకోలేదు. కాసెట్ వచ్చేటప్పటికే పాడైపోయిందని రాసి పంపేద్దామన్నాను. ఆ పిల్ల నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. కోపం కాదది. పక్కగదిలోకి వెళ్లి ఆయనకే ఫోన్ చేసి, మీ ముక్క మా ఇంట్లో చెరిగిపోయిందండీ అని ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన సరేనమ్మా అని ఫోన్ పెట్టేశాడట.

ఆ వారమంతా ఆ పిల్ల నవ్వలేదు. శనివారం పాపకి స్నానం చేయిస్తూ, తల ఎత్తకుండా, రేపటితో ఛానల్ ఆపేస్తానని చెప్పింది. ఒకరు నమ్మి ఇచ్చినదాన్ని కాపాడలేనప్పుడు ఇంకొకరిది ఏ మొహం పెట్టుకుని అడగాలంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టాను అత్తయ్యా, అంది. నేను తువ్వాలు అందించి వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆదివారం పొద్దున కెమెరా ముందు కూర్చుంది. ముందుగా 'అంతరాయానికి చింతిస్తున్నాం' బోర్డు పట్టుకుంది. ఆ బోర్డు వేసి వెనకాల టీవీవాళ్లంతా హాయిగా టీ తాగేవారని ఎప్పుడూ జోకు వేసేది, ఆ రోజు వెయ్యలేదు. ఒక పెద్దాయన చిన్నతనం నా దగ్గర పాడైంది, కాసెట్ గుంట చూసుకోవలసింది నేను, చూసుకోలేదు, అని చెబుతోంది. ఎక్కడా నా ఊసు లేదు. గుమ్మం చాటున పాపని ఎత్తుకుని వింటున్నాను. పేరు బయటపెట్టకుండా నన్ను కాపాడుతోంది, ఎంత కాపాడితే నాకు అంత సిగ్గేసింది.

పాపతో సహా వెళ్లి కెమెరా ముందు నిలబడ్డాను. ఆ పిల్ల చెప్పేది అబద్ధమన్నాను. లేబుల్ పీకనిదాన్ని నేను, బటన్ నొక్కినదాన్ని నేను, తప్పు నాదన్నాను. ఎలక్ట్రీషియన్ గారూ, క్షమించండి అన్నాను. ఆ మాట గొంతులోంచి బయటికి రావడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. తర్వాత కోడలి వైపు తిరిగాను.

"నేను మానేశాను. నువ్వు మానకు."

ఆ పిల్ల ఏడ్చేసింది. ఏడుస్తూనే వీడియో ఆపింది. అందులోంచి ఒక్క ముక్క కొయ్యకుండా, సరిగ్గా పదింటికి పెట్టింది.

తర్వాత జరిగింది నేను ఊహించనిది. ఆ కార్యక్రమం ఒక్క ఇంట్లో మాత్రమే వచ్చిందా? ఊళ్లన్నిటిలో వచ్చింది కదా. ఎవరో ఒకరింట్లో రికార్డై ఉంటుందని జనం అటకలెక్కారు. మావాడు కామెంట్లు చదివి వినిపించేవాడు. ఒకాయన అత్తయ్యగారూ ముందుకు జరగండి అని రాశాడు, నేను బస్సులో చేశానని ఎలా కనిపెట్టాడో ఏమో. మూడు వారాల్లో పద్దెనిమిది పార్సిళ్లు వచ్చాయి. వేటిలోనూ లేదు. పంతొమ్మిదోది ఒక రిటైర్డు నర్సు పంపింది, తన పిల్లల కోసం రికార్డు చేసుకున్న కాసెట్. అందులో ఉంది. బొమ్మ సగం దొర్లుతోంది, గీతలు. కూత మాత్రం గంట కొట్టినట్టుంది.

ఎలక్ట్రీషియన్ స్వయంగా వచ్చాడు. పొట్టిగా, బట్టతలతో, జేబులో టెస్టరుతో. కుర్చీ అంచున కూర్చుని చూశాడు. గీతల్లోంచి తొమ్మిదేళ్ల పిల్లాడు మెడ సాచి కూశాడు. ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. కోడలు అడక్కుండానే వెనక్కి తిప్పి ఇంకోసారి వేసింది. అలా ఆరుసార్లు వేసింది.

ఆయన కాసెట్ ఆయన చేతిలో పెట్టి, మళ్లీ క్షమాపణ చెప్పాను. రెండోసారి కాస్త తేలిగ్గానే వచ్చింది. ఇందులో ఇప్పుడేముందని అడిగాడు. నేను వద్దంటున్నా కోడలు వేసింది. నా కబుర్లన్నీ చివరిదాకా విన్నాడు. విని, చాలాసేపు వాళ్లమ్మ చేతిరాత మీద వేలు రాస్తూ కూర్చున్నాడు.

"నాకు ఈ అక్షరాలు చాలమ్మా. కాసెట్ మీ పాపది."

కోడలు జుట్టు ఆరబెట్టుకునే మిషన్ తెచ్చి లేబుల్‌కి వెచ్చగాలి పట్టించింది. రెండు నిమిషాల్లో కాగితం చిరగకుండా, మడత పడకుండా ఊడి వచ్చింది. ఇంత తేలికని తెలిస్తే ఇన్ని తిప్పలుండేవి కావు, ఒక్క మాట అడిగుంటే సరిపోయేది. ఆయన దాన్ని పర్సులో పెట్టుకున్నాడు. కింద గుంట బయటపడింది, వాళ్లమ్మ విరిచిన గుంట. ఇక ఎవరు ఏ బటన్ నొక్కినా ఆ కాసెట్ మీదున్నది చెరగదు.

ఆయన వెళ్లాక కోడలు కొత్త లేబుల్ తీసి దాని మీద ఏదో రాసింది. చదవబోతే కళ్లజోడు కనబడలేదు. 'మా అత్తయ్య నన్ను మెచ్చుకున్న రోజు' అని తనే చదివి వినిపించి, కాగితం నా చేతికిచ్చింది.

"మీరే అంటించండి అత్తయ్యా."

గుంట ఎక్కడుందో వేలితో తడిమి చూసుకుని, దానికి తగలకుండా జాగ్రత్తగా అంటించాను.