ఫొటోలోంచి జరగమన్నారు

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం భూమి పోవడం. వచ్చే ఏడు కౌలుకివ్వనని ఆసామి ఒక్క మాటంటే, ఎనిమిది నెలల పిల్లను చంకనేసుకుని ఎవరి గుమ్మం ముందు నిలబడాలి? ఆ భయంతోనే ఆ రోజు నోరు మెదపలేదు.

గాలివానకు మొక్కజొన్న మొత్తం నేలకొరిగింది. పొత్తులు బురదలో కుళ్ళి కంపు కొడుతున్నాయి. నష్టం రాసుకోవడానికి ఆఫీసరు వచ్చాడు, వెంట కారులో ఆసామి. పట్నంలో బట్టల కొట్టు ఆయనది. ఈ చేలో కాలు పెట్టి నాలుగేళ్ళయింది. సర్కారు సాయం రావాలంటే రైతు పొలంలో నిలబడి ఫొటో దిగాలట.

"అమ్మాయ్, పక్కకు జరుగు. ఫొటోలో ఇద్దరు పడితే ఈ ఫోనులో యాప్ ఒప్పుకోదు," అన్నాడు ఆఫీసరు.

జరిగింది. పార అడిగితే ఇచ్చింది. మొగుడి తలగుడ్డ అడిగితే అదీ ఇచ్చింది.

"చేతులకు కాస్త బురద పూసుకోండి సార్. రైతులా ఉంటారు."

ఆసామి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, రెండు వేళ్ళతో బురద తీసి పూసుకున్నాడు. ఫొటో అయ్యాక, రుమాలు పాడవుతుందని, ఆమె భుజం మీదున్న పిల్ల గుడ్డకు చేతులు తుడిచేశాడు.

ఆ గుడ్డను మూడుసార్లు ఉతికింది. మరక పోయింది. రోత పోలేదు.

మర్నాడు సాయంత్రం ఆ ఆసామి కౌలువాళ్ళంతా కళ్ళంలో కూడారు. ఆఫీసరు చూసి వెళ్ళిన ప్రతి చేలోనూ ఇదే నాటకం.

"మా చేలో ఆసామి బావమరిది నిలబడ్డాడు. మొక్కజొన్నను పట్టుకుని, చెరుకు బాగా దెబ్బతింది అన్నాడు!" అన్నాడు ట్రాక్టరు డ్రైవరు. అంతా నవ్వారు.

ఆమె బడి ఆరో తరగతితో ఆగిపోయింది. అయినా అందరి కాగితాలూ చదివిపెట్టేది ఆమే. అందుకే ఆమెను 'ఆరో క్లాసు' అంటారు.

"ఏమే ఆరో క్లాసూ, ఆఫీసు గోడ మీద ఏం రాశారే?" అంది ఆమె అత్త.

"సాయం సాగు చేసినవాళ్ళకేనని ఉందత్తా."

"మరి ఆ మాట అప్పుడే అనొచ్చుగా?"

"భయమేసింది."

"ఎదురు తిరిగితే భూమి లాక్కుంటాడు," అన్నాడు ఆమె మొగుడు.

"ఒక్కడి దగ్గరైతే లాక్కుంటాడు తమ్ముడూ. అందరి దగ్గరా లాక్కుంటే ఎవరు దున్నుతారు? కొట్లో చీరలు కట్టి నిలబెట్టిన బొమ్మలా?" అన్నాడు డ్రైవరు.

పిల్లను భుజం మార్చుకుని ఆమె లేచింది.

"ఫొటోలో ఇద్దరు పడితే ఫోను ఒప్పుకోదు. అందుకే నన్ను జరగమన్నాడు. ఈసారి జరగొద్దు. మిగిలిన చేలల్లో అందరం నిలబడదాం."

మర్నాడు ఆసామి మరో చేలో నిలబడగానే నలభై మంది ఆయన చుట్టూ చేరారు.

"తప్పుకోండయ్యా!" అన్నాడు ఆఫీసరు.

"ఎక్కడికి సార్? విత్తినప్పట్నించీ ఇక్కడే ఉన్నాంగా," అంది అత్త.

ఆఫీసరు నొక్కాడు. ఫోను ఒప్పుకోలేదు. మళ్ళీ నొక్కాడు. మూడు చేలు తిరిగినా అంతే. ఆసామి చేతి బురద ఎండిపోయి రాలింది. ఈసారి తుడుచుకోవడానికి ఎవరూ గుడ్డ ఇవ్వలేదు.

మధ్యాహ్నానికి పోలీసు జీపు వచ్చింది.

"ఇక్కడ పెద్ద ఎవర్రా?"

అత్త ముందుకొచ్చింది. "వయసుకైతే నేనే నాయనా."

సర్కారు పనికి అడ్డుపడిందని అత్తను జీపెక్కించారు. మిగతావాళ్ళు జీపు వెనకే నడిచారు, స్టేషను దాకా. ఎవరెవరు వచ్చారో గుర్తుపట్టడానికి పోలీసు ఒకడు ఫోను ఎత్తి ఫొటో తీశాడు. ఆరో క్లాసు పిల్లనెత్తుకుని అందరికంటే ముందు నిలబడింది. ఒక్కరూ పక్కకు జరగలేదు.

మూడు రోజులైంది. భూమి వదలమని ఆసామి కబురంపాడు. ఒక్కరూ వదల్లేదు. అత్తను మాత్రం చూడనివ్వడం లేదు.

అన్నల్లారా, చదువుకునే చెల్లెళ్ళారా, వంతెన దాటాక వచ్చే ఆ స్టేషను దారిన వెళ్తే లోపలికి వెళ్ళండి. ముసలామె పొద్దుటి బీపీ మాత్ర వేసుకుందా అని అడగండి. బాగానే ఉందంటారు. నమ్మకండి, కళ్ళారా చూసి రండి.