కొత్త మోడల్ వచ్చేదాకా

రోప్‌వే నడిపినవాడికి ఎత్తంటే భయమని చెబితే ఎవరైనా నవ్విపోతారు. కానీ నిజం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన కొండ కింద మోటారు గదిలో కూర్చుని, మీటలు నొక్కి, వచ్చినవాళ్ళందరినీ పైకి పంపాడు. తాను మాత్రం ఒక్కసారీ క్యాబిన్ ఎక్కలేదు. తోటివాళ్ళు "నేల మాస్టారు" అని పేరు పెడితే ఆ పేరుకే పలికేవాడు. ఇంట్లో బల్బు మార్చాలన్నా స్టూలు ఎక్కేది కూతురే.

రిటైరయ్యాక కళ్ళకు జబ్బు పట్టుకుంది. కళ్ళ డాక్టరు కూతుర్ని పక్కకు పిలిచి, చూపు నిలవదనీ, ఆయన చూడాలనుకున్నవేవైనా ఉంటే త్వరగా చూపించమనీ చెప్పాడు. ఇంటికొచ్చి అడిగితే ఆయన కాసేపు బుర్ర గోక్కుని, "ఆ పైనుంచి ఏం కనబడుతుందో చూడాలనుందమ్మా. ఎక్కకుండా" అన్నాడు.

అందుకూ ఓ దారి ఉంది. కళ్ళకు తగిలించుకునే వీఆర్ హెడ్‌సెట్. కుర్చీలో కూర్చునే కొండ మీదికి వెళ్ళిరావచ్చు. ఆ రోప్‌వే ప్రయాణం వీడియో కూడా దొరికింది. సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో ఎవరో వాడి అమ్మేసిన హెడ్‌సెట్ ఒకటి ఉందంటే తండ్రీకూతుళ్ళు వెళ్ళి చూశారు. అద్దం మీద సన్నని గీత, పట్టీ దగ్గర ఎవరిదో చెమట మరక.

"ఇది చాలమ్మా. గీత పక్కనుంచి చూస్తాను" అన్నాడు తండ్రి.

"ఎవరో వాడి పారేసింది నీకెందుకు నాన్నా? కొత్త మోడల్ వస్తోందట. బొమ్మ ఇంకా బాగా కనబడుతుందట. ఆమాత్రం ఆగలేవా?"

"ఆలస్యం అమృతం విషం అంటారు కదండీ" అని నసిగాడు షాపతను. "ఇదైతే ఈ పూటే తీసుకెళ్ళొచ్చు."

సరుకు వదిలించుకోవడానికి చెబుతున్నాడనుకుంది ఆ పిల్ల. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుని రోజంతా ఊళ్ళోవాళ్ళ నొప్పులు వినే మనిషి, కన్నతండ్రికి సెకండ్‌హ్యాండ్ వస్తువు కొనడమేమిటని పంతం పట్టింది. ప్రేమే, కాదనను. ప్రేమకు కూడా ఒక్కోసారి బుద్ధి ఉండదు.

కొత్త మోడల్ వస్తుందన్నప్పుడు రాలేదు. వచ్చాక సరుకు అయిపోయిందన్నారు. ఈలోగా ఆయన గ్లాసు పక్కన నీళ్ళు పోయడం, చొక్కా తిరగేసి తొడుక్కోవడం మొదలుపెట్టాడు. "ధ్యాస ఎక్కడ పెడతావు నాన్నా?" అని కసురుకునేది. "ముసలాణ్ణయ్యాను కదే" అని నవ్వేసేవాడు. ఒక్క మాట చెబితే ఏం పోయేదయ్యా మహానుభావా? చెప్పలేదు.

చివరికి ఓ ఆదివారం మధ్యాహ్నం పార్సిల్ వచ్చింది. తండ్రిని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, తలకు హెడ్‌సెట్ బిగించి, బటన్ నొక్కింది. లోపల కనబడేదంతా ఆమె ఫోన్లోనూ కనబడుతుంది.

"బయల్దేరింది" అన్నాడాయన. రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకున్నాడు. "అబ్బో, చెట్లన్నీ కిందికి పోతున్నాయి. అదిగో చెరువు. అరచేతిలో పట్టేంత ఉందని దిగొచ్చినవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. నిజమే."

ఆమె ఫోను చూసింది. వీడియో ఇంకా మొదలవనేలేదు. నల్లటి తెర మీద, కాసేపు ఆగమని చెప్పే తెల్లటి అక్షరాలు మాత్రం ఉన్నాయి.

ఆమె గుండె చెరువైంది. ఇన్నాళ్ళూ తాను కసురుకున్నది గుడ్డితనాన్నని అప్పుడర్థమైంది.

"నువ్వు ఆగడమే మంచిదైందమ్మా. ఆ పాతదాంట్లో గీత అడ్డమొచ్చేది. ఇదెంత తేటగా ఉందో చూడు." కుర్చీని పట్టుకున్న వేళ్ళు ఇంకా వదల్లేదు. "ఇక చాలు. కళ్ళు తిరుగుతున్నాయి."

ఆమె ఫోను పక్కన పెట్టి, ఆయన ముందు నేల మీద కూర్చుని, హెడ్‌సెట్ మెల్లగా తీసింది.

"బాగుంది కదా నాన్నా" అంది, గొంతు తొణక్కుండా.

"చాలా బాగుంది" అన్నాడు. ఆయన చూపు ఆమె భుజం మీదుగా ఎటో ఉంది. ఆయనకు కనబడదన్న ధైర్యంతో, ముఖం తిప్పుకోకుండానే ఏడ్చింది.