ముందే మోగిన గిటారు

నేను ఒక గిటారును. కుదురుగా ఉండటం నా ఒంట్లో లేదు. పక్క గదిలో మిక్సీ తిరిగినా నా తీగలు జుమ్మంటాయి. కోల్‌కతాలో ఒక ఇరుకు సందులో నన్ను చేసిన పెద్దాయన వార్నిష్ ఆరేదాకా ఆగలేక రోజూ నా వీపు తట్టి చూసేవాడు. ఆయన ఆత్రమే నాకు అంటుకుందేమో.

నన్ను మొదట కొన్నది ఒంగోలులో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు. ఒళ్లో పెట్టుకుని ఫోటోలు దిగాడు గానీ ఒక్క పాటా వాయించలేదు. ఆ ఫోటోలు చూసి, ఎంత బాగా వాయిస్తున్నావో అని మెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఉద్యోగం రాగానే అతడు బెంగళూరు వెళ్లిపోయాడు, నేను అటకెక్కాను. దుమ్ము దులిపి దులిపి విసిగిపోయిన వాళ్లమ్మ ఒకరోజు నన్ను పక్కింటి సలోమికి ఇచ్చేసింది.

సలోమి మందుల షాపులో బిల్లులు వేస్తుంది. వాళ్ల వీధి చివరి చర్చిలో చిన్నప్పటి నుంచీ క్వయర్‌లో పాడిన మనిషి. నిరుడు థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక మాట మిగిలింది గానీ పాట పోయింది. స్వరం కాస్త పైకి ఎత్తబోతే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాదు. ఆదివారాలు వెనక బెంచీలో కూర్చుని పెదవులు కదిపి వచ్చేది. క్వయర్‌లో గిటారు వాయించే ఆయనకు బదిలీ అయిందని తెలిసినప్పుడు ఆమెకు ఆశ పుట్టింది. గొంతుతో కాకపోతే వేళ్లతోనైనా ఆ వరుసలోకి తిరిగి వెళ్లాలి. ఈస్టర్‌లోగా నేర్చుకుంటానని క్వయర్‌కి పెద్ద, డోలక్ వాయించే జెకర్యాతో చెప్పింది. ఆయన సరేనన్నాడు.

నలభై దాటాక పిల్లల మధ్య కూర్చుని నేర్చుకోవడానికి సిగ్గుపడి ఫోనులో పాఠాలకు చేరింది. బియ్యం డబ్బాకు ఫోను ఆనించి, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో నన్ను పట్టుకుని కూర్చునేది. అవతల హైదరాబాదులో అభిజిత్ సార్. పేరుకే సార్, ఆమె మేనల్లుడి ఈడువాడు. పాఠాలు చెప్పడం ఆయనకూ కొత్తే. మొదట్లో నా తీగలు నొక్కి నొక్కి ఆమె వేళ్ల కొసలు కందిపోయాయి. తర్వాత కాయలు కాశాయి. ఆ కాయలను ఆమె అందరికీ చూపించుకుంది.

చిక్కంతా తాళంతో వచ్చింది. ఆయన చిటికెలు వేస్తూ లెక్కపెట్టేవాడు. ఆమె సరిగ్గా చిటికె మీదే నన్ను మీటేది. అయినా లేటు మేడమ్ అనేవాడు, మళ్లీ లేటు అనేవాడు. వయసుకు చేతులు మొద్దుబారాయని ఆమె దిగులుపడింది. చివరకు తనే ఒక ఉపాయం కనిపెట్టింది. చిటికె వినబడకముందే మీటేయడం. అప్పుడు ఆయన మెచ్చుకున్నాడు, ఇప్పుడు కుదిరిందన్నాడు. ఆ గదిలో ఉన్నదాన్ని కనుక నాకు తెలుసు, కుదరలేదు. నా మోత ముందు, ఆయన చిటికె వెనక. చెబుదామంటే నాలోంచి ఆమె వాయించిందే తప్ప ఇంకేమీ రాదు. పైగా ముందుకు ఉరకడం నాకు భలే నచ్చింది.

ఆ తొందర ఆమె ఒళ్లంతా పాకింది. కుక్కర్ కూత వేయకముందే స్టవ్ దగ్గరికి పరుగెత్తేది. షాపులో అవతలి మనిషి మాట పూర్తికాకముందే జవాబు చెప్పేది.

ఈస్టర్‌కి వారం ముందు, మట్టల ఆదివారానికి ముందురోజు సాయంత్రం నన్ను చర్చికి ప్రాక్టీసుకు తీసుకెళ్లింది. జెకర్యా డోలక్ మీద చెయ్యి వేసేలోపే నేను మోగాను. పాడేవాళ్లలో సగం మంది నా వెంట పడ్డారు, సగం మంది డోలక్‌తో ఉండిపోయారు. వెనకబడ్డానేమోనని ఆమె ఇంకా వేగం పెంచింది. రెండో చరణానికి పాట పాటగా లేదు. జెకర్యా వాయించడం ఆపాడు.

“ఏందమ్మా సలోమీ, అంత తొందర? మమ్మల్ని రానియ్యవా?”

కసురుకోలేదాయన. ఈస్టర్‌కి వాయించకపోయినా పర్లేదు, ఊరికే మా పక్కన నిలబడుదువుగానిలే అన్నాడు. ఆ మంచితనమే ఆమెకు ఎక్కువ తగిలింది. ఇంటికొచ్చి నన్ను బీరువా మీద పడేసి, మంచం మీద కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపు కూడా బొంగురుగానే ఉంది. నాకు చాలా బాధేసింది.

మర్నాడు చర్చికి వెళ్లలేదు. మనసాగక ఆరాధనను ఫోనులో లైవు పెట్టుకుంది. కిటికీ తెరిచే ఉంది, వీధి చివరి మైకు ఇంట్లోకి వినబడుతూనే ఉంది. మైకులో పాట అయిపోయింది. ఫోనులో అదే పాట ఇంకా సాగుతోంది. చిరాకుపడి ఫోను కట్టేయబోయి, చెయ్యి అలాగే ఆపేసింది. కిటికీ వైపు చూసింది. ఫోను వైపు చూసింది.

“నా చేతులు కాదు, ఫోనే లేటు” అంది పైకే.

బీరువా మీంచి నన్ను దించింది. ఫోను బోర్లించి, కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుంది. మైకులో తర్వాతి పాట ఎత్తుకోగానే అలవాటు కొద్దీ నేను ముందుకు దూకాను. ఆమె అరచెయ్యి నా తీగల మీద వేసి నొక్కింది. “ఆగవే” అంది. మళ్లీ దూకాను, మళ్లీ నొక్కింది. డోలక్ దెబ్బ పడేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంది, పడ్డాక వదిలింది. ఆ దెబ్బా నా మోతా ఒక్కచోట కలిశాయి. పుట్టాక అంత నిమ్మళం నేనెరగను.

ఆ వారమంతా సాయంత్రాలు ఆమె నాకు నేర్పింది ఆగడమే. ఈస్టర్ ఆరాధనలో జెకర్యా పక్కన నిలబడింది. నన్ను భుజానికి తగిలించుకుని రావడం చూసి ఆయన ముఖంలో భయం దాచుకోలేకపోయాడు. పాట మొదలైంది. నాలో ప్రతి తీగా ముందుకు లాగుతోంది. ఆమె అరచెయ్యి నా మీద ఉంది. డోలక్ పలికింది, చెయ్యి లేచింది. మొదటి చరణం అయ్యేలోపు జెకర్యా తన ముందున్న మైకును కాలితో నా వైపు జరిపాడు. సలోమి పెదవులు ఎప్పటిలా కదులుతూనే ఉన్నాయి. ఈసారి వాటికింద నేను మోగుతున్నాను.

ఈస్టర్ తర్వాతి వారం మళ్లీ బియ్యం డబ్బా, ప్లాస్టిక్ కుర్చీ, పాఠం. అభిజిత్ సార్ చిటికెలు వేశాడు. వింటూ నొసలు చిట్లించి, మేడమ్ మళ్లీ లేటవుతున్నారేంటి అన్నాడు. ఇదివరకైతే ఆమె ముడుచుకుపోయేది. ఇప్పుడు నన్ను ఒళ్లో సర్దుకుని తాపీగా చెప్పింది.

“ఇక్కడ సరిగ్గానే మోగింది సార్. కాస్త ఆగండి, మీ దాకా వచ్చిద్ది.”