రుక్సత్ మోసిన మొరం బాట

రాండ్రి పిల్లలూ, ఇటు జరుగుండ్రి. ఆ గుంజకు ఆనుకొని కూసున్నోళ్లు కూడ దగ్గరికి రాండ్రి, నా గొంతు అంత దూరం రాదు. పలకలు సంచిల పెట్టుండ్రి, ఇయ్యాల్టికి ఎక్కాలు చాలు. ఒక సైకిలు సంగతి చెప్త, ఇనుండ్రి.

నిజాం సర్కారు రోజులవి. సముద్రం అవతల పెద్ద లడాయి నడుస్తున్నది. మన ఇబ్రహీంపట్నం టప్పా ఆఫీసుల ఇసాక్ అని ఉత్తరాలు పంచేటాయన ఉండె. ఇల్లు కొంగరకలాన్‌ల. పొద్దున జొన్నరొట్టె తిని సైకిలెక్కి ఇబ్రహీంపట్నం పోవుడు, టప్పా సంచి హాండిలుకు తగిలించుకొని పగటియాల్లకు వాపస్ వచ్చుడు, ఊర్ల ఇల్లిల్లు తిరిగి పంచుడు. గదే ఆయన కొలువు.

బొంగులూరు దిక్కు నుంచి సడకు మీద పోవచ్చు. కని సడకు మీద సర్కారు మోటరు నడుస్తది, ఎడ్ల బండ్లు బారులు కడ్తయి, హారన్ కొడితే ఎడ్లు బెదురుతయి. ఇసాక్‌కు ఆ లొల్లి పడదు. ఆయనది అడవి నడుమ మొరం బాట. మూడు కోసులుంటది. ఎర్ర మొరం మీద చక్రం పోతుంటే అటుకులు నమిలినట్టు సప్పుడైతది. ముందుగాల సీతాఫలం పొదలు, తర్వాత మోదుగు చెట్లు, ఆ తర్వాత బాట వాగు లోయలకు దిగుతది. దిగేటప్పుడు ఇసాక్ రెండు కాళ్లూ చాపి, గడ్డం గాలికి ఎగురుతుంటే జర్రున జారేటోడు. నలభై అయిదేండ్ల మనిషి. ఎవరు చూస్తరు? నెమళ్లు చూస్తయి, అంతే. ఎదురు గడ్డ ఎక్కేటప్పుడు దిగి, సైకిలును పెంచుకున్న బర్రె లెక్క మెల్లగ నడిపించుకుంట వచ్చేటోడు.

ఆ బాటకు ఒక అలవాటుండె. సంచిల మంచి కబురుంటే పొట్టిగ అవుతుండె. చెడ్డ కబురుంటే సాగుతుండె. ఎంత పెద్ద దుఃఖమైతే అంత పొడుగు. ఊర్ల అందరికీ ఎరుకే. వానకాలం బాట బురదైతదని ఎట్ల ఎరుకనో, ఇదీ గట్లనే ఎరుక. ఇసాక్ ఎప్పుడు వచ్చిండో చూస్తే చాలు, ఏం తెచ్చిండో సగం తెలిసిపోతుండె.

హన్మంత్ పటేల్ అని ఒకాయన ఉండె. నోరు మంచిది కాదు, మనసు మంచిదే. ఇసాక్ జల్ది వచ్చిననాడల్లా వాకిట్ల నిలబడి, "ఏం ఇసాకూ, ఎండ ఎక్కకముందే దిగినవ్. అంటే మా అత్త ఇంక గట్టిగనే ఉన్నట్టు" అని మొగం మాడ్చుకునేటోడు. ఊరంతా నవ్వేది.

ఇసాక్ పక్కింట్ల అనంతమ్మ. ఆమె తమ్ముడు గుల్బర్గల జ్వరమొచ్చి చచ్చిపోయిండని కార్డు వచ్చింది. ఆనాడు ఇసాక్ పొద్దుగూకేయాల్లకు గని ఊరు చేరలే. ఆ పూటంతా అనంతమ్మ ఏం చేసింది? బర్రెను కడిగింది. బిడ్డకు జడ అల్లింది. పండుగకు తమ్ముడొస్తే వానికి ఇష్టమని చింతకాయ తొక్కు నూరి, గురిగిల ఎత్తి పెట్టింది. కార్డు వచ్చినంక ఏడ్చి ఏడ్చి, పదొద్దులకు ఒక మాటన్నది. "ఆ బాటకు దండం. నా తమ్ముణ్ణి ఒక్క పూట ఎక్కువ బతికించింది."

ఇసాక్ కొడుకు పేరు అన్సార్. ఇరవై ఏండ్లోడు. ఫౌజుల చేరి ఓడ ఎక్కి పోయిండు. ఏడు నెలల నుంచి ఉత్తరం లేదు. వాని తర్వాత చాలా ఏండ్లకు పుట్టిన పిల్ల సైదా, నాలుగేండ్లది. తల్లి గులాబ్ బీ రోజూ పగటియాల్లకు పిల్లను చంకనేసుకొని ఊరి చివర పెద్ద బండ మీద నిలబడేది. అక్కడికెళ్లి చూస్తే వాగు లోయ, దాని అవతలి గడ్డ, ఎర్రటి బాట కనబడతయి. మొగడు టైముకు వస్తున్నడా లేదా, గంతే చూసేది. టైముకు వస్తే ఆ దినానికి కొడుకు బతికున్నట్టు. ఇంటికి పోయి పొయ్యి ముట్టించేది.

మోదుగులు పూసిన దినాలల్ల, ఒక శుక్రవారం, ఇసాక్ పేరు మీదనే ఉత్తరం వచ్చింది. అన్సార్ దోస్తు రాసిండు. వాడెవరో ఉత్తరాది మనిషి, ఉర్దూల మస్తు సదువుకున్నోడు. అక్షరాలు మల్లెతీగ అల్లినట్టున్నయి. ఇసాక్‌కు వచ్చిన ఉర్దూ చిరునామాలు సదివేటంత. ఆఫీసుల మున్షీ నమాజుకు పోయిండు. ఇసాక్ అరుగు మీద కూసొని వేలు పెట్టి కూడబలుక్కున్నడు. రెండే మాటలు దొరికినయి. ఒకటి అన్సార్. ఇంకొకటి రుక్సత్.

రుక్సత్ ఆయనకు బాగ ఎరుకైన మాట. ఏటేటా రంజానుకు అర్జీ పెడితే మున్షీ పైనుంచి కాయిదం తెచ్చి, "ఇసాక్, నీ రుక్సత్ మంజూరైంది" అనేటోడు. రుక్సత్ అంటే సెలవు. కొడుక్కు సెలవు దొరికింది. ఇగ ఇంటికొస్తడు. ఇసాక్ మున్షీ కోసం ఆగలే. ఉత్తరం జేబుల పెట్టి, సంచి తగిలించి సైకిలెక్కిండు.

ఇంత మంచి కబురుకు బాట గడప అంత పొట్టిగ కావాలె. సీతాఫలం పొదలు దాటిండు. మోదుగులు దాటిండు. లోయల దిగి వాగు దాటి, గడ్డ ఎక్కి చూస్తే ఎదురుంగ ఊరు లేదు, మళ్ల సీతాఫలం పొదలే. ఇసాక్ సైకిలాపి సంచి తెరిచిండు. ఇంకొక్కటే ఉత్తరం, హన్మంత్ పటేల్‌ది. 'అరెరె, ఆయన అత్త పోయినట్టుంది పాపం' అనుకున్నడు. 'నోటి మాటకు ఏడిపిస్తడు గని, తట్టుకుంటడో లేదో.' పటేల్‌కు ఏం చెప్పాలె, ఎట్ల ఓదార్చాలె అని ఆలోచన చేసుకుంట తొక్కిండు. మళ్ల మోదుగులు. మళ్ల వాగు.

పగలు తిరిగింది. ఊర్ల జనం బండ మీదికి వచ్చిన్రు. అవతలి గడ్డ మీద ఇసాక్ కనబడుతున్నడు. చక్రాలు తిరుగుతున్నయి, ఎర్ర దుమ్ము లేస్తున్నది, మనిషి మాత్రం దగ్గరికి రావట్లేదు. గంట చూసిన్రు. దూర దేశంల మనిషి ఉన్న ప్రతి ఒక్కరూ లోపల్లోపల తమోళ్ల పేర్లు తలుచుకున్నరు. ఇంత సాగుడు ఎవ్వరూ ఎన్నడూ చూడలే. మెల్లగ ఒక్కొక్కరి చూపు గులాబ్ బీ దిక్కు తిరిగింది.

గులాబ్ బీ సైదాను అనంతమ్మ చేతుల పెట్టింది. బండ కాడికి ఎవరో తెచ్చిన కుండల నీళ్లు ముంతకు వంచుకున్నది.

అనంతమ్మ ఆమె చెయ్యి పట్టుకున్నది. "పోకు గులాబక్కా. వచ్చినప్పుడే రానియ్. ఆ కబురు వచ్చేదాక నీ కొడుకు నీకున్నడు. నా మాటిను."

"ఆయన పొద్దట్నుంచి నీళ్లు తాగలే అనంతమ్మా" అన్నది గులాబ్ బీ. "నేను పోకుంటే చచ్చేదాక గట్లనే తొక్కుతడు."

ఆమె చేతుల ఉత్తరం లేదు కాబట్టి బాట ఎప్పటిలెక్కనే ఉండె. లోయల దిగింది, ఎక్కింది. మొగని ఎదురుంగ పోయి హాండిలు పట్టుకున్నది. ఇసాక్ చెమటల తడిసి, నవ్వుకుంట దిగిండు.

"గులాబూ, మన అన్సార్‌కు రుక్సత్ అయింది."

ఆమె ముంత ఇచ్చింది. తాగేదాక ఆగింది. "మరి బాట ఎందుకు సాగింది?" అనడిగింది.

"హన్మంత్ పటేల్ అత్త పోయినట్టుంది."

"ఆమె నిన్ననే బండెక్కి వచ్చింది, అన్సార్ అబ్బా. పటేల్ అరుగు మీద కూసొని ఆకు నములుతున్నది."

ఇసాక్ ముంత దిక్కు చూసిండు.

"మా అమ్మ పోయిననాడు," అన్నది గులాబ్ బీ, "కడిగి, తెల్లబట్ట చుట్టి తీస్కపోయేటప్పుడు, ఆడోళ్లు నా తల పట్టుకొని ఏమన్నరు? యాదికి తెచ్చుకో."

ఇసాక్‌కు యాదికొచ్చింది. అమ్మ రుక్సత్ అయింది అన్నరు.

చూసిన్రా పిల్లలూ, మాట ఒక్కటే. దఫ్తర్ల ఒక అర్థం, ఇంట్ల ఇంకొకటి. దఫ్తరు అర్థం మగనికి తెలిసింది, ఇంటి అర్థం ఆడమనిషికి తెలిసింది.

ఇసాక్ బాట మీద కూలబడ్డడు. జేబుల ఉత్తరం మీద చెయ్యి పెట్టి, "ఇది ఇంటికి చేరితే వాడు..." అన్నడు. గులాబ్ బీ ఆయన్ను లేపింది. "మెల్లగ పోదాం" అన్నది. హాండిలు అటొకరు ఇటొకరు పట్టుకొని నడిచిన్రు.

బండ మీదోళ్లకు వాళ్లు లోయల దిగుడు కనబడ్డది. ఒక చిలుం తాగేటంతసేపు కనబడలే. తర్వాత ఇవతలి గడ్డ ఎక్కి వచ్చిన్రు. పొద్దు ఇంకా గుట్ట మీదనే ఉన్నది.

ఇద్దరి తలలూ ముగ్గుబుట్టలైనయి. గులాబ్ బీ నడుము వంగింది. సైకిలు టైర్లు అరిగి దారాలు తేలినయి, హాండిలుకు తుప్పు పట్టింది. లోయల మోదుగులు పదకొండు మార్లు పూసినయట. వాగు పదకొండు మార్లు నిండి ఎండిందట. సీతాఫలాలు తిన్నరు, చెలిమ తోడుకొని తాగిన్రు, నడిచిన్రు. మొదటి మూడేండ్లు ఏడ్చుడే. ఒక ఏడు ఫౌజుల ఎందుకు చేరనిచ్చినవని కొట్లాడుకున్నరు. ఇంకొక ఏడు మాట్లాడుకోలే. మిగిలిన ఏండ్లు అన్సార్ పుట్టిననాటి నుంచి ఓడెక్కేదాక వాని ముచ్చట్లు, ఒక్క దినం కూడ వదలకుండ ఒకరికొకరు చెప్పుకున్నరు. చెప్పుడు అయిపోయిననాడు ఊరు కనబడ్డది.

ఇసాక్ హన్మంత్ పటేల్ ఉత్తరం పటేల్ చేతికిచ్చి, తన జేబుల ఉత్తరం తీసి చూపించిండు. కాయిదం అరిగి అక్షరాలు పోయినయి. "అన్సార్ రుక్సత్ అయిండు" అన్నడు.

ఊరు గొల్లుమన్నది. వాళ్లకు కబురు అప్పుడే కదా చేరింది. అనంతమ్మ గుండెలు బాదుకుంటుంటే గులాబ్ బీ ఆమె చేతులు ఆపింది. "మా ఏడుపు లోయలనే ఒడిసింది. ఇగ మీరు ఏడ్వుండ్రి" అన్నది. ఆ సాయంత్రం కొడుకు పోయినోళ్లే ఊర్ల ఒక్కొక్కరి దగ్గరికి పోయి ఓదార్చిన్రు. అన్సార్‌ను ఎత్తుకొని తిప్పిన హన్మంత్ పటేల్ తువ్వాల మొగానికి అడ్డం పెట్టుకొని ఏడుస్తుంటే, ఇసాక్ పక్కన కూసొని వీపు నిమిరిండు.

ఆఖరుకు గులాబ్ బీ సైదా దగ్గరికి పోయింది. అదే గౌను, అదే ముక్కు చీమిడి, నాలుగేండ్లది నాలుగేండ్లదే. పిల్ల ఎవరో ముసలవ్వ అనుకొని అనంతమ్మ కొంగు వెనక్కు జరిగింది.

"ఎవరు దాదీ నువ్వు?"

గులాబ్ బీ మోకాళ్ల మీద కూసున్నది. పదకొండేండ్లల్ల రాని ఏడుపు ఒకటి ఇంకా మిగిలే ఉండె, అది అప్పుడు వచ్చింది.

"మీ అమ్మీనే బిడ్డా," అన్నది. "జర దూరం పోయొచ్చిన."

ఇగ లేవుండ్రి. అన్నాలు చల్లారుతున్నయి. ఇండ్లకు పోయి తినుండ్రి, పోండ్రి.